కణితి వల్ల చక్కెర తగ్గిన కుక్కల్లో వృద్ధి కారకాల కొలత: అంకెకు ముందు నమూనా

వయసు మళ్ళిన కుక్క రాత్రి నుంచి ఏమీ తినకుండా ఉన్న తెల్లవారుజామున వెనుక కాళ్ళలో పట్టు తప్పి తూలుతుంది. పిలిస్తే పలకదు, చూపు నిలపదు, కొన్నిసార్లు మూర్ఛ వస్తుంది. తిండి పెట్టగానే లేదా చిగుళ్ళకు తేనె రాయగానే కొద్దిసేపటికి తేరుకుంటుంది. యజమాని దీనిని ఫిట్స్‌గా భావించి ఆసుపత్రికి తీసుకువస్తాడు. రక్తపరీక్షలో గ్లూకోజ్ డెసిలీటరుకు 40 మిల్లీగ్రాములని తేలుతుంది. అల్ట్రాసౌండ్‌లో పొట్ట లోపల పెద్ద కణితి కనిపిస్తుంది. అప్పుడు పశువైద్యుని ముందు రెండు ప్రశ్నలు నిలుస్తాయి. చక్కెరను తగ్గిస్తున్నది ఆ కణితేనా? అయితే అది ఏ మార్గంలో తగ్గిస్తోంది?

రెండవ ప్రశ్నకు సమాధానంగా ఇన్సులిన్‌ను పోలిన వృద్ధి కారకాల (ఐజీఎఫ్-1, ఐజీఎఫ్-2) కొలత పశువైద్య పరిశోధనలో ప్రాధాన్యం పొందుతోంది. ఈ ఆసక్తి సమంజసమైనదే. అయితే కిట్ కొని అంకె తెప్పించుకోవడంతో రోగనిర్ధారణ పూర్తయినట్లు భావించే ధోరణి ప్రమాదకరం. సరైన సమయంలో తీసి, సరిగా భద్రపరచిన నమూనా, కుక్క శరీర పరిమాణానికి తగిన ప్రమాణ విలువలు అనే రెండు పునాదులు లేకుండా వచ్చే వృద్ధి కారకపు అంకె చికిత్సను తప్పుదారి పట్టిస్తుంది. తెలుగు రాష్ట్రాల పశువైద్య కళాశాలలు ముందుగా శ్రద్ధ పెట్టవలసింది ఈ రెండింటి మీదనే.

రెండు దారులు

ఆరోగ్యవంతమైన పెద్ద కుక్క రక్తంలో గ్లూకోజ్ సుమారు 70 నుంచి 120 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. ఇది 60 కంటే తగ్గితే అనుమానించాలి. 50 కంటే తగ్గినప్పుడు మెదడుకు ఇంధనం చాలక నాడీ లక్షణాలు కనిపించే అవకాశం పెరుగుతుంది. లక్షణాలు ఉండడం, ఆ సమయంలో గ్లూకోజ్ తక్కువగా ఉండడం, గ్లూకోజ్ ఇచ్చిన తరువాత లక్షణాలు తగ్గడం అనే మూడు అంశాలను 1930లలో అమెరికా శస్త్రవైద్యుడు అలెన్ విప్పుల్ మానవ వైద్యంలో స్థిరపరిచారు. కుక్కల విషయంలోనూ ఈ మూడింటిని చూసిన తరువాతే కారణాల అన్వేషణ మొదలుకావాలి.

కణితి వల్ల చక్కెర తగ్గడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది క్లోమంలోని బీటా కణాల నుంచి పుట్టే ఇన్సులినోమా. ఇది తరచుగా చిన్నది. అల్ట్రాసౌండ్‌లో కనిపించకపోవచ్చు. రక్తంలో గ్లూకోజ్ పడిపోయినా ఇది ఇన్సులిన్ విడుదలను ఆపదు. కనుక గ్లూకోజ్ 60 కంటే తక్కువగా ఉన్న నమూనాలో ఇన్సులిన్ తగ్గకుండా ఉంటే ఇన్సులినోమాను గట్టిగా అనుమానించవచ్చు.

రెండవది క్లోమానికి సంబంధం లేని కణితి. కాలేయ కణ క్యాన్సర్, జీర్ణాశయం లేదా పేగు గోడలోని నునుపు కండరం నుంచి పుట్టే లియోమయోమా, లియోమయోసార్కోమా వంటివి ఈ కోవలోకి వస్తాయి. ఇవి సాధారణంగా చాలా పెద్దవిగా పెరిగిన తరువాతే చక్కెరను తగ్గిస్తాయి. 1985లోనే అమెరికాలో ఇలాంటి 13 కుక్కల వివరాలు ప్రచురితమయ్యాయి. పెద్ద కణితి గ్లూకోజ్‌ను విపరీతంగా వాడుకోవడం, కాలేయంలో ఆరోగ్యవంతమైన భాగం తగ్గిపోవడం కూడా కారణాలు కావచ్చు. అయితే వీటితో వివరించలేని సందర్భాల్లో ఐజీఎఫ్-2 ప్రధాన అనుమానితంగా నిలుస్తుంది.

మానవ వైద్యంలో ఈ స్థితిని 1930లో డోగె, పాటర్ అనే ఇద్దరు వైద్యులు వేరువేరుగా వర్ణించారు. కారణం తెలియడానికి మరో అర్ధ శతాబ్దం పైగా పట్టింది. లియోమయోసార్కోమా ఉన్న రోగిలో కణితే ఐజీఎఫ్-2ను తయారు చేసి రక్తంలోకి వదులుతోందని 1988లో డాగడే బృందం చూపింది. కుక్కలో జీర్ణాశయపు గోడలోని లియోమయోమా ఐజీఎఫ్-2ను పోలిన పెప్టైడ్‌ను ఉత్పత్తి చేస్తున్నట్లు 1995లో, కాలేయ కణ క్యాన్సర్ ఐజీఎఫ్-2ను స్రవిస్తున్నట్లు 2007లో నివేదికలు వచ్చాయి. కుక్కల్లో ఈ జ్ఞానమంతా ఇలా ఒక్కొక్క రోగి వివరాలు చేరి ఏర్పడినదే. పెద్ద సంఖ్యలో కుక్కలను పోల్చి చూసిన ఆధారాలు స్వల్పం.

వృద్ధి కారకం చక్కెరను ఎలా తగ్గిస్తుంది?

సాధారణ ఐజీఎఫ్-2 అణువులో 67 అమైనో ఆమ్లాలుంటాయి. దాని భారం సుమారు 7.5 కిలోడాల్టన్లు. రక్తంలో ఇందులో అధికభాగం ఒక బంధక ప్రోటీన్, మరొక సహాయక ప్రోటీన్‌తో కలిసి 150 కిలోడాల్టన్ల పెద్ద సముదాయంగా తిరుగుతుంది. ఆ పరిమాణంలో అది రక్తనాళాల గోడ దాటి కణజాలంలోకి సులభంగా చేరలేదు. కనుకనే ఇన్సులిన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పరిమాణంలో ఉన్నా చక్కెరను తగ్గించదు.

కణితి తొందరపాటులో తయారు చేసే ఐజీఎఫ్-2 పూర్తిగా కత్తిరింపు జరగని పూర్వరూపంలో, 10 కిలోడాల్టన్లకు మించిన పరిమాణంలో బయటకు వస్తుంది. దీనినే ‘పెద్ద ఐజీఎఫ్-2’ అంటారు. ఇది మూడు ప్రోటీన్ల సముదాయంలో సరిగా ఇమడదు. చిన్న సముదాయాలుగానో, విడిగానో తిరిగి రక్తనాళాలు దాటుతుంది. కండరాలలో ఇన్సులిన్ గ్రాహకాలను ప్రేరేపించి గ్లూకోజ్‌ను లోపలికి లాగిస్తుంది. కాలేయం నుంచి గ్లూకోజ్ విడుదలను అడ్డుకుంటుంది. కొవ్వు కరగడాన్నీ ఆపుతుంది.

అంతటితో ఆగదు. పీయూష గ్రంథి మీద ఒత్తిడి పెంచి వృద్ధి హార్మోన్‌ను అణచివేస్తుంది. వృద్ధి హార్మోన్ తగ్గితే కాలేయంలో ఐజీఎఫ్-1తో పాటు బంధక ప్రోటీన్ల తయారీ కూడా తగ్గుతుంది. బంధక ప్రోటీన్లు తగ్గిన కొద్దీ విడిగా తిరిగే ఐజీఎఫ్-2 మరింత పెరుగుతుంది. చక్కెర పడిపోయినందున క్లోమం ఇన్సులిన్‌ను ఆపేస్తుంది. ఈ గొలుసు అర్థమైతే ప్రయోగశాల నివేదికను చదవడం సులభం: గ్లూకోజ్ తక్కువ, ఇన్సులిన్ తక్కువ, ఐజీఎఫ్-1 తక్కువ, ఐజీఎఫ్-2 ఎక్కువ లేదా సాధారణం.

చివరి మాటను విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. ఈ వ్యాధిలో మొత్తం ఐజీఎఫ్-2 సాధారణ పరిధిలోనే ఉండవచ్చు. మారేది దాని రూపం, దాని తోడు ప్రోటీన్లు. అందువల్ల ‘ఐజీఎఫ్-2 సాధారణం, కనుక కణితి నిర్దోషి’ అని తేల్చడం తప్పు. మానవ వైద్యంలో ఐజీఎఫ్-2ను ఐజీఎఫ్-1తో భాగించి చూసే పద్ధతి ఇందుకే ఏర్పడింది. మనుషుల్లో ఈ నిష్పత్తి సాధారణంగా 3 పరిసరాల్లో ఉంటుంది. 10 దాటితే పెద్ద ఐజీఎఫ్-2ను అనుమానిస్తారు.

కుక్కలన్నీ ఒకే కొలత కావు

ఈ 10 అనే హద్దును యథాతథంగా కుక్కకు వర్తింపజేయవచ్చా? అలా చేయడానికి అడ్డుపడే అంశం కుక్క జాతిలోనే ఉంది. మనిషిలో లేనంత శరీర పరిమాణ వైవిధ్యం కుక్కలలో ఉంది. ఆ వైవిధ్యానికి మూలాలలో ఒకటి ఐజీఎఫ్-1. పూడిల్ జాతిలో చిన్న, మధ్యస్థ, పెద్ద రకాలను పోల్చిన 1984 నాటి అధ్యయనంలో శరీర పరిమాణంతో పాటు ఐజీఎఫ్-1 కూడా పెరుగుతున్నట్లు తేలింది. చిన్న జాతి కుక్కలలో ఐజీఎఫ్-1 జన్యువుకు చెందిన ఒక ప్రత్యేక రూపం విస్తృతంగా ఉన్నదని 2007లో సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది.

దీని ఆచరణాత్మక అర్థం స్పష్టం. నాలుగు కిలోల స్పిట్జ్‌లో సహజమైన ఐజీఎఫ్-1, నలభై కిలోల గ్రేట్ డేన్‌లో లోపంగా కనిపించవచ్చు. హారం చిన్నదైతే నిష్పత్తి దానంతటదే పెరుగుతుంది. చిన్న కుక్కకు ఏ రోగమూ లేకున్నా మనుషుల హద్దు ప్రకారం రోగముద్ర పడే ప్రమాదం ఉంది. పెద్ద కుక్కలో నిజమైన తగ్గుదల సాధారణంగా కనిపించి దాగిపోయే ప్రమాదమూ ఉంది.

మరొక చిక్కు కూడా ఉంది. ఐజీఎఫ్-1 ప్రధానంగా కాలేయంలో తయారవుతుంది. ఉపవాసం, పోషకాహార లోపం, కాలేయ వ్యాధి దానిని తగ్గిస్తాయి. కాలేయంలో పెద్ద కణితి ఉండి, వారాల తరబడి సరిగా తినక చిక్కిపోయిన కుక్కలో ఐజీఎఫ్-1 తగ్గడానికి కణితి స్రవించే హార్మోనే అవసరం లేదు. అలాంటి కుక్కలో పెరిగిన నిష్పత్తిని చూసి తీర్పు చెప్పే ముందు, అదే స్థాయిలో చిక్కిపోయి చక్కెర మాత్రం సాధారణంగా ఉన్న కణితి రోగులతో పోల్చి చూడాలి. ఈ పోలిక సమూహం లేని అధ్యయనం ఎంత ఖరీదైన కిట్ వాడినా అసంపూర్ణమే.

కిట్ విశ్వసనీయత

మార్కెట్లో దొరికే కిట్లలో అనేకం మానవ రక్తం కోసం తయారైనవి. ఐజీఎఫ్-1 విషయంలో కొంత ఊరట ఉంది. కుక్కలో, మనిషిలో దీని 70 అమైనో ఆమ్లాల వరుస ఒక్కటే. ఐజీఎఫ్-2 విషయంలో అదే భరోసాను పరీక్షించకుండా ఊహించుకోరాదు. పైగా రెండు కారకాలనూ బంధక ప్రోటీన్లు కప్పి ఉంచుతాయి. కొలిచే ముందు ఆమ్లంతో లేదా ఆమ్ల-ఇథనాల్ మిశ్రమంతో వాటిని విడదీయకపోతే అసలు కంటే తక్కువో ఎక్కువో అంకె వస్తుంది. కుక్క సీరంలో ఆ విడదీత పూర్తయిందో లేదో విడిగా పరీక్షించి చూడాలి.

కనుక ఏ ప్రయోగశాలయినా కుక్క నమూనాలలో నాలుగు అంశాలు నిర్ధారించుకోవాలి. సీరంను పలుచన చేస్తే విలువ అదే నిష్పత్తిలో తగ్గుతోందా? తెలిసిన మోతాదులో కలిపిన ప్రోటీన్ తిరిగి లెక్కకు వస్తోందా? ఒకే రోజు పునఃపరీక్షలో తేడా ఎంత? వేరువేరు రోజులలో తేడా ఎంత? వీటికి సమాధానం లేని నివేదిక రోగి కేసు పత్రంలో చేరడానికి అర్హం కాదు. పైగా సాధారణ ఇమ్యునోఅస్సే పెద్ద ఐజీఎఫ్-2ను మామూలు రూపం నుంచి వేరు చేయకపోవచ్చు. అందుకు క్రొమటోగ్రఫీ లేదా వెస్టర్న్ బ్లాట్ అవసరం. తొలగించిన కణితి ముక్కలో ఐజీఎఫ్-2 ఉన్నట్లు చూపడం, శస్త్రచికిత్స తరువాత గ్లూకోజ్, ఇన్సులిన్, ఐజీఎఫ్-1 తిరిగి సాధారణ స్థితికి చేరినట్లు చూపడం ఈ వాదానికి అత్యంత బలమైన సాక్ష్యం.

నమూనా చెడితే అంతా చెడినట్లే

వృద్ధి కారకాల సంగతి అటుంచితే, గ్లూకోజ్ అంకెనే నమ్మలేని పరిస్థితి క్షేత్రస్థాయిలో తరచుగా ఎదురవుతుంది. నాళికలో ఉన్న రక్తకణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో గంటకు సుమారు 5 నుంచి 10 మిల్లీగ్రాములు తగ్గవచ్చు. 90 మిల్లీగ్రాములున్న రక్తం నాలుగు గంటలు ప్రయాణించి ప్రయోగశాల చేరేసరికి 50 నుంచి 70 మధ్య చూపుతుంది. రాయలసీమ వేసవిలోనూ, తెల్లరక్తకణాలు విపరీతంగా పెరిగిన రోగిలోనూ ఈ నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది. లేని వ్యాధి ఇలా పుట్టుకొస్తుంది.

మనుషుల కోసం తయారైన గ్లూకోమీటరుతో మరొక పొరపాటు జరుగుతుంది. మనిషి రక్తంలో గ్లూకోజ్ సుమారు 58 శాతం ప్లాస్మాలో, 42 శాతం ఎర్రకణాలలో ఉంటుంది. కుక్కలో 87.5 శాతం ప్లాస్మాలోనే ఉంటుంది. మనిషి లెక్కతో అమర్చిన యంత్రం కుక్క గ్లూకోజ్‌ను సాధారణంగా తక్కువగా చూపుతుంది. రక్తహీనత ఉంటే ఎక్కువగా చూపి నిజమైన తగ్గుదలను దాచవచ్చు. కణితి నుంచి లోపల రక్తస్రావం జరిగే కుక్కల్లో ఇది గుర్తుంచుకోవలసిన విషయం. గ్లూకోమీటరు అత్యవసర హెచ్చరికకు ఉపయోగపడుతుంది. నిర్ధారణకు మాత్రం వెంటనే వేరుచేసిన ప్లాస్మాలో ప్రయోగశాల కొలత కావాలి.

అన్నిటికంటే విలువైన నమూనా సాధారణంగా ఆసుపత్రి గుమ్మంలోనే చేజారుతుంది. మూర్ఛతో వచ్చిన కుక్కకు వెంటనే డెక్స్‌ట్రోస్ ఎక్కిస్తారు. అది తప్పనిసరి కూడా. అయితే ఆ తరువాత తీసిన రక్తంలో ఇన్సులిన్ కొలిచి ప్రయోజనం లేదు. సిరలో సూది అమర్చిన క్షణంలో, డెక్స్‌ట్రోస్ ఎక్కించే ముందు, అదే సూది నుంచి మూడు నాలుగు మిల్లీలీటర్ల రక్తం తీయడానికి అర నిమిషం చాలు. చికిత్స ఆలస్యం కాదు. ఆ రక్తంలో గ్లూకోజ్, ఇన్సులిన్, ఐజీఎఫ్-1, ఐజీఎఫ్-2 నాలుగూ ఒకే క్షణపు విలువలుగా లభిస్తాయి. ఎర్రకణాలు పగిలితే ఇన్సులిన్ నశిస్తుంది కనుక రక్తాన్ని మృదువుగా తీసి, త్వరగా వేరుచేసి, అతిశీతల పెట్టెలో ఉంచాలి. మరుసటి రోజు ఉపవాసం పెట్టించి మరల చక్కెర తగ్గే వరకు వేచి ఉండడం కుక్కకు ప్రమాదం, యజమానికి ఆవేదన.

కొలత ఎప్పుడు నిర్ణయాన్ని మారుస్తుంది?

ఈ పరీక్ష మీద న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. కణితి తొలగించదగినదైతే దానిని తొలగించడమే చికిత్స. చక్కెర తిరిగి వస్తే అదే నిర్ధారణ. అలాంటప్పుడు వృద్ధి కారకాలకు ఖర్చు దేనికి? ఈ మాటలో వాస్తవం ఉంది. శస్త్రచికిత్సకు అనువైన ఒంటరి కణితి ఉన్న కుక్కను ఐజీఎఫ్ నివేదిక కోసం నిరీక్షింపజేయడం సరికాదు. కాలేయంలో ఒకే పెద్ద గడ్డగా పెరిగిన క్యాన్సర్‌ను తొలగించిన కుక్కల మధ్యస్థ జీవితకాలం 1,460 రోజులు దాటినట్లు 2004లో ఒక అధ్యయనం నివేదించింది. చక్కెర పడిపోయిందన్న కారణంతో అటువంటి కుక్కకు ఆశ లేదని చెప్పడం యజమానికి చేసే అన్యాయం.

కొలత విలువ మూడు సందర్భాలలో బయటపడుతుంది. మొదటిది, పెద్ద కణితితో పాటు క్లోమంలో చిన్న గడ్డ కూడా అనుమానం కలిగించినప్పుడు. ఇక్కడ ఇన్సులిన్ విలువే సగం తీర్పు చెబుతుంది. రెండవది, కణితిని తొలగించలేనప్పుడు. ఇన్సులినోమాలో వాడే డయజాక్సైడ్ బీటా కణాల నుంచి ఇన్సులిన్ విడుదలను ఆపుతుంది. ఇన్సులిన్ ముందే అణగి ఉన్న రోగిలో దాని ప్రధాన ప్రయోజనమే ఉండదు. అటువంటి రోగికి కార్టికోస్టెరాయిడ్లు, తరచుగా కొద్దికొద్దిగా ఆహారం, కణితి పరిమాణాన్ని తగ్గించే ప్రయత్నం మార్గాలు. మూడవది, శస్త్రచికిత్స తరువాత కణితి తిరగబెట్టిందేమో గమనించేటప్పుడు. ఈ మూడింటిలోనూ గ్లూకోజ్, ఇన్సులిన్, అల్ట్రాసౌండ్ మొదటి మెట్టు. వృద్ధి కారకాలు రెండవ మెట్టు. సెప్సిస్, కాలేయ వైఫల్యం, అడ్రినల్ గ్రంథి లోపం, జైలిటాల్ విషప్రభావం వంటి ఇతర కారణాలను తోసిపుచ్చడం అన్నిటికీ ముందు జరగాలి.

విశ్వవిద్యాలయాలు చేయదగినది

తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ వంటి చోట్ల ఉన్న పశువైద్య కళాశాలల బోధనాసుపత్రులు ఈ దిశలో పెద్ద ఖర్చు లేకుండా మొదటి అడుగులు వేయవచ్చు. డెక్స్‌ట్రోస్‌కు ముందు నమూనా తీయడాన్ని అత్యవసర విభాగంలో రాతపూర్వక నియమం చేయాలి. ఆ సీరంను రోగి బరువు, వయసు, జాతి, చివరిసారి తిన్న సమయం వివరాలతో భద్రపరచాలి. పరీక్ష తరువాతైనా చేయవచ్చు. తీయని నమూనాను తిరిగి తీయలేరు.

రెండవ అడుగు ప్రమాణ విలువలు. ప్రమాణ పరిధి నిర్ణయానికి కనీసం 120 ఆరోగ్యవంతమైన జంతువులు ఉండడం మేలని అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తాయి. టీకాల కోసం, సంతాన నిరోధక శస్త్రచికిత్సల కోసం వచ్చే కుక్కల నుంచి, యజమానుల అనుమతితో, సంస్థాగత నీతి సంఘం ఆమోదంతో సేకరిస్తే ఈ సంఖ్యను చేరడం కష్టం కాదు. వీటిలో నాటు కుక్కలకు తగిన స్థానం ఉండాలి. విదేశీ జాతుల మీద కట్టిన హద్దులతో వాటిని తూచడం ఇకనైనా ఆగాలి. విలువలను బరువుకు అనుసంధానించి ప్రకటించాలి.

ఈ పెట్టుబడి కుక్కలకే పరిమితం కాదు. ఈనిన తరువాత శక్తి లోటులో ఉన్న పాడి ఆవులో ఐజీఎఫ్-1 పడిపోతుందనీ, ఆ తగ్గుదలకు తిరిగి ఎదకు రావడంలో జాప్యంతో సంబంధం ఉందనీ పాడి పరిశోధనలో బాగా తెలిసిన విషయమే. బంధక ప్రోటీన్లను విడదీసి ఐజీఎఫ్‌ను నమ్మకంగా కొలవడం నేర్చిన ప్రయోగశాల గేదెల పునరుత్పత్తి అధ్యయనానికీ ఉపయోగపడుతుంది. ‘కుక్క కణితికి ఇంత ఖర్చా?’ అనే ప్రశ్నకు ఇది సూటి సమాధానం.

విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత ఇంకా సరళమైనది. క్షేత్ర పశువైద్యులకు మూడు విషయాలు చేరాలి: గ్లూకోమీటరు అంకెను ఒక్కదానినే నమ్మరాదు, రక్తాన్ని వేరుచేయకుండా పంపరాదు, చక్కెర తగ్గిన ముసలి కుక్కకు మూర్ఛ మాత్రలు మొదలుపెట్టే ముందు పొట్టను తడిమి, స్కానింగ్ చేయించాలి.

ముగింపు

పెద్ద ఐజీఎఫ్-2 కథ హార్మోన్ శాస్త్రంలో ఆసక్తికరమైన అధ్యాయాలలో ఒకటి. దానిని కుక్కలో నిర్ధారించగల సామర్థ్యం తెలుగు రాష్ట్రాల ప్రయోగశాలలకు రావాలి. అది కిట్ కొనుగోలుతో మొదలుకాదు. అత్యవసర విభాగంలో డెక్స్‌ట్రోస్ సీసా తగిలించే ముందు తీసిన నాలుగు మిల్లీలీటర్ల రక్తంతో మొదలవుతుంది. ఆ క్రమశిక్షణ నేర్చిన విద్యార్థి పట్టభద్రుడై ఏ మండల ఆసుపత్రికి వెళ్ళినా, అక్కడ ఐజీఎఫ్ పరీక్ష లేకపోయినా, తన ముందున్న కుక్కకు సరైన చికిత్స ఎంచుకోగలుగుతాడు.